ఇది ఇల్లు

ఇండూరు
ఫిబ్రవరి 2005

నాయనా,

ఉత్తరం ఆలస్యమైందని అలగకు. ఫోను చేస్తే నీకు సగం వినపడదు, వినపడిన సగానికి వేరే జవాబు చెబుతావు. పోయినసారి టమాటా ధర ఎలా ఉందని నేనడిగితే, అమ్మకు మోకాలి నొప్పి తగ్గిందన్నావు. నీతో మాట్లాడాలంటే కాగితమే నయం. పైగా ఈ తమిళనాట మా ఇంట్లో తెలుగు మాట్లాడని వాళ్లు లేరు, ఇక్కడ అన్నీ తమిళ బడులే కాబట్టి తెలుగు చదవగలిగిన వాళ్లూ లేరు. మా అత్త సరసమ్మ నా పక్కనే కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. తన గురించి నేనేం రాసినా ఆమెకు తెలియదు. "మీ నాయనకు నేను అడిగినానని రాయి మే" అంటోంది. రాస్తున్నానత్తా అన్నాను. ఆమె నోటికి మాత్రం ఇంకా మోకాలి నొప్పి రాలేదు.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అల్లుడు రాగి కోతలైపోయి కాస్త ఊపిరి పీల్చుకుంటున్నాడు. ఈసారి టమాటాను నమ్మవద్దని నేను చెప్పినా వినలేదు. మీ పట్టుపురుగులు ఎలా ఉన్నాయి? మల్బరీకి నీళ్లు చాలుతున్నాయా?

అన్నట్టు, మొన్న సర్కారు వాళ్లు ప్రత్యేకంగా సాయం కావలసిన పిల్లల కోసం ఒక శిబిరం పెట్టారు. కవిప్రియను ఎత్తుకుని పోయాం. నిలబడటానికి కాళ్లకు కట్టే ఇనుప పట్టీలు, కాలిపర్లంటారు, వాటికి కొలత తీసుకున్నారు, ఊరికే ఇస్తారట. వారానికొకసారి టీచరమ్మ ఇంటికే వస్తుందట. మంచిదే కదా.

అమ్మను అడిగానని చెప్పు.

సుగన్య

*

కుప్పం
మార్చి 2005

సుగన్యా,

నీ ఉత్తరంలో టమాటా ఉంది, రాగి ఉంది, చింతపండు గింజలున్నాయి, మీ అత్త నోరు ఉంది. నా మనవరాలి పేరు ఒక్కసారి, అదీ చివర్లో, "అన్నట్టు" అని మొదలుపెట్టి. పాల లెక్కలో నీళ్లు ఎక్కడ కలిపావో నాకు తెలియదా? ఎనిమిదో తరగతి వరకే చదివాను గానీ, నీ రాత చదవడం నీకు అక్షరాలు నేర్పిన నాకు కాకపోతే ఎవరికొస్తుంది?

సర్కారు ఊరికే ఇస్తుందంటే నేను నమ్మను. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడు. మా ఊరి రోడ్డుకు ఎన్నిసార్లు కొబ్బరికాయ కొట్టారో నీకు తెలుసు. ఆ కాయల నీళ్లు తప్ప ఆ రోడ్డు మీద ఇంకేమీ పడలేదు.

పిల్లకు ఏడేళ్లు నిండాయి. వచ్చే జూన్‌లో బడిలో వేస్తామని నువ్వే కదా అన్నావు? దాని గురించి ఒక్క ముక్క లేదేం? ఏం దాస్తున్నావో రాయి. మీ అమ్మ అన్నం తినకుండా నా మొహం చూస్తూ కూర్చుంది.

నాయన

*

ఇండూరు
మార్చి 2005

నాయనా,

దాచలేదు. రాయడానికి చెయ్యి రాలేదు.

కవిప్రియను బడికి వద్దన్నారు.

శిబిరంలో ఒక డాక్టరు పిల్లలను ఒక్కొక్కరినే లోపలికి పిలిచి చూశాడు. పెద్దవాళ్లు పక్కనుంటే జవాబులు అందిస్తారని మమ్మల్ని బయట ఉండమన్నారు. కిటికీలోంచి దాని జడ కనపడుతూ ఉంది, మాట వినపడలేదు. బొమ్మలు చూపించి ఇదేమిటని అడుగుతారట. బయటికి వచ్చినప్పుడు పిల్ల చాలా సంతోషంగా ఉంది నాయనా. "నేను అన్నీ చెప్పినా మా" అంది. నేను నమ్మాను.

తర్వాతి వారం చిత్ర టీచరు ఇంటికి వచ్చింది. మా వైపు ఇలాంటి పిల్లల కోసం సర్కారు వేసిన టీచరు. ఆమెది తిరునెల్వేలి వైపు, చిన్న వయసు, మోపెడ్ మీద తిరుగుతుంది. నా చెయ్యి పట్టుకుని చాలా మెల్లగా చెప్పింది. కాళ్లు చేతులు బిగుసుకుపోవడం పుట్టినప్పుడు ఏడవకపోవడం వల్ల వచ్చిందట, అది మనకు తెలిసిందే. కానీ బుద్ధి కూడా బాగా వెనకబడి ఉందట. నోటి మాట ముద్దగా ఉండటమే కాదు, చెప్పే మాటకూ చూసే బొమ్మకూ పొంతన లేదట. ఇంట్లోనే ఉంచి నేర్పుదాం, బడిలో వేస్తే పిల్లే నలిగిపోతుంది అంది.

ఏం చెప్పిందమ్మా మా పిల్ల అని అడిగాను. పులి బొమ్మకు పులి అనిందంట, అదొక్కటే సరి. చెట్టు బొమ్మ చూపిస్తే 'మాన్' అనిందంట, అంటే తమిళంలో జింక. పండు చూపిస్తే 'పందు', అంటే ఆడుకునే బంతి. ఇల్లు బొమ్మ చూపిస్తే 'ఇల్లె' అనిందంట. ఏమీ లేదని. కళ్లెదుట అంత పెద్ద ఇల్లు పెడితే లేదంటుందా నా కూతురు?

మీ అల్లుడు ఆ రోజు పొద్దు గూకేదాకా టమాటా తోటలోనే ఉండిపోయాడు. అత్త మాత్రం "గవుర్మెంటోళ్ల మాట ఏమిటికి, మన పిల్ల మనకు బరువా" అని కొట్టిపారేసింది. అనేసి వంటింట్లోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు.

పక్కింటి పిల్లలు పలకలు పట్టుకుని పోతుంటే ఇది వాకిట్లో కూర్చుని చెయ్యి ఊపుతుంది. జూన్‌లో తనూ పోతానని అందరికీ చెప్పేసింది. దానికి ఏమని చెప్పాలో తెలియక నీకు రాస్తున్నాను.

సుగన్య

*

కుప్పం
మార్చి 2005

సుగన్యా,

ఈ ఉత్తరం చదువుతూ కూర్చోకు. ఒకసారి చదివి లేచి ఆ టీచరు దగ్గరికి పో.

నీ ఉత్తరం నేను పైకి చదువుతుంటే మీ అమ్మ ఆకు తరుగుతూ వింటోంది. కళ్లు తుడుచుకుంటోంది. 'చెట్టు బొమ్మ చూపిస్తే మాన్ అనింది' అని చదివాను. మీ అమ్మ కత్తి ఆపి, "మాను మాను కాకపోతే ఇంకేమి? సరిగానే చెప్పిందే బిడ్డ" అంది. నేను విసుక్కున్నాను, పూర్తిగా విను అన్నాను. అని మళ్లీ చదివాను. మళ్లీ చదివేసరికి ఉత్తరం కింద పెట్టి లేచి నిలబడ్డాను.

మాను! మన ఇంట్లో చెట్టును ఏమంటాం? చింతమాను, వేపమాను. పండును ఏమంటాం? పండు. వాళ్లు పందు అని విన్నారు. ఇల్లును ఏమంటాం? మొద్దుదానా, ఇల్లును ఇల్లు అనక ఏమంటాం? దాని నోరు చివరి అక్షరం మింగేస్తుంది కదా, వాళ్లకది ఇల్లె అని వినపడింది. పులి వాళ్లకూ పులే, మనకూ పులే. అందుకే అదొక్కటి సరి అయింది!

నా మనవరాలు అన్ని బొమ్మలకూ సరిగ్గా చెప్పిందే! తెలుగులో చెప్పింది, అంతే.

నీకు తట్టలేదని ఏడవకు. నువ్వు ఆ టీచరుతో తమిళంలో మాట్లాడుతూ తమిళంలోనే విన్నావు. నీ చెయ్యి మాత్రం తెలుగులో రాసింది. రెండు కాళ్లు రెండు పడవల్లో పెట్టిన వాళ్లకు నీళ్లు కనపడవు.

ఇంకొకటి. మన తెలుగిండ్ల పిల్లలకు తమిళం ఎవరు నేర్పుతారు? నువ్వు కాదు, మీ అత్త కాదు. వీధి నేర్పుతుంది. గోలీలాడుతూ, కొట్టుకుంటూ, అంగడికి పోతూ నాలుగేళ్లకల్లా నేర్చేసుకుంటారు. నీ కూతురు వీధిలో ఎప్పుడు ఆడింది? ఇంట్లో మీ నడుమే పెరిగింది. దానికి తమిళం రాదని మీకెవరికీ తోచలేదు, మీకు వచ్చు కాబట్టి. ఆ టీచరుకు మీ ఇంట్లో తెలుగు మాట్లాడతారనే తెలిసుండదు, ఆమె గడపలో అడుగు పెట్టగానే మీరంతా తమిళంలోకి మారిపోతారు కాబట్టి.

ఆమె మీద కోప్పడకు. నోరు మంచిదైతే ఊరు మంచిది. కోపం నాకు వదిలేయ్, నా దగ్గర కావలసినంత ఉంది. పో.

నాయన

*

ఇండూరు
ఏప్రిల్ 2005

నాయనా,

నీ ఉత్తరం అందిన రోజే టీచరు ఆఫీసున్న నల్లంపల్లికి పోదామనుకున్నాను. అంతలోకి చిత్ర టీచరే వచ్చింది, కాళ్లకు వ్యాయామం చేయించే రోజట. బస్సు చార్జీ మిగిలింది.

ఎలా చెప్పాలో తెలియక ఆమెను బొమ్మల అట్టలు బయటికి తీయమన్నాను. "మళ్లీ ఎందుకమ్మా, పాపను విసిగించడం" అంది. ఒక్కసారి అన్నాను. చెట్టు బొమ్మ ఎత్తి చూపించింది. నేను తెలుగులో అడిగాను, "ఇదేమి బుజ్జీ?" అని. కవిప్రియ మెడ వంచుకుని, నోరు కూడదీసుకుని, "మాను" అంది. నేను వాకిట్లో ఉన్న వేపచెట్టు చూపించాను, "అదేమి?" "అదీ మానే. ఏప మాను." టీచరు నా వంక చూసింది. మా ఇంట్లో చెట్టును మాను అంటామమ్మా, తెలుగువాళ్లం అన్నాను. ఇల్లు బొమ్మ ఆమె తనే తీసింది. పిల్ల ఈసారి అడగకముందే "ఇల్లు" అని, మా తలుపు వైపు చెయ్యి చూపించి, మళ్లీ "ఇల్లు" అంది.

చిత్ర టీచరు అరుగు మీద కూలబడింది. కవిప్రియ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని ఏడుస్తూ తమిళంలో అంది, "నువ్వు నాకు ఇన్నాళ్లూ సరిగానే చెప్తా ఉన్నావా తల్లీ" అని. పిల్లకు అర్థం కాలేదు, కానీ ఆమె ఏడుస్తుంటే తనకు పైట కొంగు లేదు కదా, నా కొంగు లాగి ఆమె మొహం తుడవబోయింది.

ఆమె కాక ఇంకొకతె అయితే తప్పు కప్పిపుచ్చుకునేది నాయనా. ఈమె ఆ సాయంత్రమే మళ్లీ పరీక్ష పెట్టించాలని పై వాళ్ల దగ్గరికి పోయింది. ఈసారి నన్ను లోపల కూర్చోనివ్వాలని గట్టిగా అడిగిందట. రోజు ఇంకా చెప్పలేదు. అప్పటిదాకా తనకు తెలుగు నేర్పమంది. అత్త దగ్గర నేర్చుకుంటోంది! అత్త సంగతి నీకు తెలుసు కదా, ముందు తిట్లు నేర్పింది.

నిన్న కవిప్రియ అత్తతో ఏమందో తెలుసా? "అవ్వా, పాపం, టీచరుకు మాటలు రావు."

నవ్వీ నవ్వీ నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. టీచరుకు చెబితే ఆమె నాకంటే ఎక్కువ నవ్వింది.

అమ్మ పాదాలకు మొక్కానని చెప్పు. నీకు కూడా, ఎలాగూ పక్కనే ఉంటావు కాబట్టి.

సుగన్య

*

కుప్పం
మే 2005

సుగన్యా,

ఇల్లు బొమ్మ కథ మా వీధిలో తెలియని వాళ్లు లేరు. పట్టుగూళ్ల సంతలో కూడా చెప్పాను. ఒకడు "మీ మనవరాలు చదివే తరగతి ఏది?" అన్నాడు. నేను గూళ్ల ధర ఎత్తి మాట మార్చాను. పరీక్ష ఎప్పుడు?

పరీక్షకు ముందు పిల్లను అది చెప్పు, ఇది చెప్పు అని పీడించకు. దానికి వచ్చింది అది చెబుతుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంట్లో అది ఎప్పుడో గెలిచింది.

బస్సులో వచ్చే చుట్టం చేతికి పట్టుగూళ్లు కొన్ని పంపుతున్నాను. మెత్తగా ఉంటాయి, పిడికిట్లో పట్టుకుని వదలడానికి బాగుంటాయి. చేతికి వ్యాయామం కావాలన్నారు కదా. నీళ్లలో వేయనివ్వకు.

ఏమి జరిగినా కార్డు ముక్క మీదనైనా వెంటనే రాయి. వద్దన్నా సరే రాయి. వద్దంటే నేను బయలుదేరి వస్తాను, నాకు ఆ డాక్టరుతో కొంచెం తెలుగులో మాట్లాడే పని ఉంది.

నాయన

*

ఇండూరు
జూన్ 2005

నాయనా,

నువ్వు రానక్కరలేదు. కవిప్రియకు బడిలో చోటిచ్చారు!

ఒకటో తరగతి. మా వీధి చివర ఉన్న సర్కారు బడి. అందరి పిల్లలతో కలిపి. పేరు కూడా రాసేశారు, వరసలో మా వీధి వడివేలు కూతురికీ ఇంకెవరికో నడుమ, మామూలుగా, ఏ గుర్తూ లేకుండా.

పరీక్షలో అదే డాక్టరు ఉన్నాడు. చిత్ర టీచరు ఆయనకు అంతా ముందే చెప్పింది. కొత్త బొమ్మలు పెట్టారు. టీచరు తనే తెలుగులో అడిగింది, "ఇద్దీ యేమీ" అని, తిరునెల్వేలి యాసలో. పిల్ల పకపక నవ్వి మరీ చెప్పింది. మేకకు మేక, గొడుగుకు గొడుగు. చేపను చూసి "చాప, మా అవ్వ పులుసు చేస్తాది" అని లేని ప్రశ్నకు కూడా జవాబు చెప్పింది. డాక్టరు కలం కింద పెట్టి నన్ను అడిగాడు, ఆ రోజు కూడా ఇలాగే చెప్పిందా అని. ఇలాగే చెప్పింది సార్ అన్నాను. ఆయన కాగితాలు దగ్గరికి లాక్కుని, "ఇకపైన ఇంటి భాష ఏదని మొదట అడుగుతాం" అన్నాడు. అని పాత మాట కొట్టేసి, బడికి పంపవచ్చు, పంపాలి అని రాశాడు. ఆ 'పంపాలి' అన్న మాట టీచరు నాకు మూడు సార్లు చదివి వినిపించింది.

బడిలో పెద్ద సారు సుందరరాజన్ గారు. బడి ముందర మెట్లు చూసి నేను పిల్లను చంకలో పెట్టుకుని ఆగిపోయాను. ఆయన మా వెంట మెట్ల దాకా వచ్చి, "ఇక్కడ వాలుగా సిమెంటు దారి వేస్తారమ్మా, శాంక్షన్ వచ్చింది. అది వేసేదాకా నేను ఎత్తుకుంటాను, నా నడుము ఇంకా గట్టిదే" అన్నాడు. ఎత్తుకున్నాడు కూడా. ముందు పలక బిగించిన కుర్చీ ఒకటి వచ్చింది, జారిపోకుండా నడుముకు పట్టీతో. కాలిపర్లు వచ్చాయి. శనివారం నల్లంపల్లిలో వ్యాయామానికి పోను నాకూ దానికీ బస్సు పాసు. నాయనా, వీటిలో ఏ ఒక్కదానికీ నేను ఎవరి కాళ్లూ పట్టుకోలేదు. అడిగాను, ఇచ్చారు. కొన్ని అడగకముందే ఇచ్చారు. దీన్ని ఎలా తీసుకోవాలో మనకు అలవాటు లేదు కదా. మీ అల్లుడు సుందరరాజన్ సారుకు ఒక గంప టమాటాలు తీసుకుపోతే ఆయన మధ్యాహ్నం సాంబారులో వేయించేశాడు, ఒక్కటి ఇంటికి తీసుకుపోలేదు.

మొదటి రోజు యూనిఫారం వేసుకుని అది అద్దంలో చూసుకున్న చూపు నేను రాయలేను. నాకు చాలా సంతోషంగా ఉంది నాయనా. ఎవరెవరికి దండం పెట్టాలో తెలియడం లేదు, అందుకని కనపడిన వాళ్లందరికీ పెడుతున్నాను.

సుగన్య

*

కుప్పం
జూన్ 2005

సుగన్యా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరిగి తిరిగి మడతల దగ్గర చినిగింది. మీ అమ్మ పాయసం చేసింది. వీధిలో అందరికీ పంచి నాకు అడుగున ఉన్నది పెట్టింది.

సర్కారును నేను ఇన్నేళ్లుగా తిట్టిన తిట్లలో కొన్ని వెనక్కి తీసుకుంటున్నాను. అన్నీ కాదు. రోడ్డు గురించి తిట్టినవి అలాగే ఉండనీ. ఆ పెద్ద సారుకు, ఆ టీచరమ్మకు నా దండాలు చెప్పు. నడుము జాగ్రత్త అని కూడా చెప్పు సారుకు.

ఒక మాట. చెప్పకూడదనుకుంటూనే చెబుతున్నాను. ఇక పిల్ల తమిళం నేర్చుకుంటుంది. నేర్చుకోవాలి. రాకపోవడం వల్ల ఎంత పని జరగబోయిందో చూశాం కదా. కానీ మీ అత్తింట్లో తెలుగు అక్షరం నీతోనే ఆగిపోయింది. రేపు నేను రాసే ఉత్తరం అది చదవలేదు, అది రాసేది నేను చదవలేను. మా ఇద్దరి నడుమ నువ్వొక్కతివే. ముసలివాడి దిగులు, పట్టించుకోకు.

నాయన

*

ఇండూరు
సెప్టెంబరు 2005

నాయనా,

ఇన్నాళ్లు రాయకపోవడానికి కారణం ఉంది. పోయిన నెలలో దాన్ని బడి మాన్పించేద్దామనుకున్నాను.

తరగతిలో తడుపుకుంది. బయటికి పోవాలని తెలుగులో అడిగింది, కొత్తగా వచ్చిన టీచరుకు అర్థం కాలేదు. పిల్లలు ముక్కులు మూసుకున్నారు. ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకుంది. మరునాడు యూనిఫారం వేయబోతే వద్దంది. నాకు తెగించి పంపే ధైర్యం లేకపోయింది. ఇంత ఇచ్చారు, తీసుకోవడం మనకే చేతకాలేదు, పోనీలే అనుకున్నాను.

అప్పుడు మా అత్త లేచింది. ఏమందో ఉన్నది ఉన్నట్టు రాస్తాను. "ఏమ్మే, గవుర్మెంటోడు సిమెంటు దారి ఏసినాడు, కుర్చీ ఇచ్చినాడు, ఆ సారు బిడ్డను మోసినాడు. పిల్లను మూత్రానికి తీసుకపోయేదానికి కూడా ఢిల్లీ నుంచి రావల్లనా? నేను పోతా." చీర దోపుకుని పిల్లను చంకనేసుకుని పోయింది. ఆ రోజు నుంచి బడిలో గంట కొట్టినప్పుడల్లా అత్త అక్కడుంటుంది. సారు ఆమెకు కూర్చోవడానికి ఒక స్టూలు వేయించాడు. ఇప్పుడు ముక్కు కారే పిల్లలందరి ముక్కులూ ఆమే తుడుస్తుంది. నా మొదటి ఉత్తరంలో ఆమె నోటి గురించి రాసిన మాటలు నేనూ కొన్ని వెనక్కి తీసుకుంటున్నాను. అన్నీ కాదు.

చిత్ర టీచరు కూడా వచ్చి తరగతిలో ఒక ఆట పెట్టింది. ఒక్కో బొమ్మకు కవిప్రియ తెలుగులో చెప్పాలి, మిగతా పిల్లలు తమిళంలో చెప్పాలి. పక్కన కూర్చునే వడివేలు కూతురు ఇప్పుడు వాళ్లింట్లో వేపచెట్టును మాను అంటోందట. వాళ్లమ్మ వచ్చి, "మా పిల్లకు జింకకూ చెట్టుకూ తేడా తెలియకుండా పోయిందే" అని నవ్వుతూ కొట్లాడింది.

బయటికి పోవాలని తమిళంలో అడగడం అది మొదట నేర్చుకుంది. తర్వాత మిగతావన్నీ వరదలా వస్తున్నాయి. మాట ఇంకా ముద్దగానే ఉంది, కానీ తరగతిలో వాళ్లకు అలవాటైంది. కడ్డీలు పట్టుకుని నిలబడి నాలుగడుగులు వేస్తోంది.

నీ దిగులు నేను పట్టించుకున్నాను నాయనా. జవాబు ఇప్పుడే చెప్పను.

సుగన్య

*

ఇండూరు
ఫిబ్రవరి 2006

నాయనా,

ఈసారి నేను ఏమీ రాయను. దీంతో పాటు మడిచి పెట్టిన కాగితం నీకు. మీ అల్లుడు పెన్సిలుకు సైకిల్ ట్యూబు చుట్టి లావుగా చేసి ఇచ్చాడు, దాంతో రాసింది. ఎవరూ చెయ్యి పట్టి దిద్దించలేదు. నీకు రాయాలని అదే అడిగింది. ఏమి రాసిందో నేను చెప్పను.

నువ్వు చదవలేవని నాకు తెలుసు. చదివించుకో.

సుగన్య

*

కుప్పం
ఫిబ్రవరి 2006

నా తల్లి కవిప్రియకు,

ఈ ఉత్తరం మీ అమ్మ నీకు చదివి వినిపిస్తుంది. మధ్యలో ఆగి ఏడిస్తే కొంగు లాగి తుడువు.

నీ కాగితం విప్పాను. తమిళ అక్షరాలు. పెద్దవి, చిన్నవి, కొన్ని గీత మీద, కొన్ని గీత దిగి షికారు పోయినవి. ముందు వెనకలు కూడా తెలియక మీ అవ్వా నేనూ తిప్పి తిప్పి చూశాం. ఎంత బాగున్నాయో! కానీ ఒక్క ముక్క చదవలేకపోయాను తల్లీ. అప్పుడు మీ టీచరుకు మాటలు రావని నువ్వు జాలిపడ్డావు చూడు, ఈసారి తాతకు రాలేదు.

బస్టాండు దగ్గర మీ ధర్మపురి వైపు నుంచి వచ్చి ఒకతను కొత్తగా టీ అంగడి పెట్టాడు, చిన్నకణ్ణు అని. వచ్చి నెల కాలేదు. టీ, చక్కెర, చిల్లర, ఇంతే అతనికి వచ్చిన తెలుగు. కాగితం ఇచ్చి చదవయ్యా అన్నాను. చేతులు తుడుచుకుని చూశాడు. ఇది తమిళం కాదు పెద్దాయనా, అక్షరాలు మావే గానీ మాటలు అర్థం కావడం లేదు అన్నట్టు తల ఊపాడు. పరవాలేదు, ఎలా ఉంటే అలా చదువు అని సైగ చేశాను.

చదివాడు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, తనకేమీ తెలియకుండానే.

"తాత్తా. నేను కవిప్పిరియా. నేను పడిక్కి పోదాండాను."

తమిళ అక్షరాల్లో మన 'బ' లేదట తల్లీ, అందుకని నీ బడి అతని నోట పడి అయింది, 'పోతాండాను' కూడా కాస్త వంకర పోయింది. పడి అంటే వాళ్లకు చదువు అట. మంచిదే, అలాగే ఉండనీ. ఆ టీ పొగలో, ముక్కూ మొహం తెలియని మనిషి నోట్లోంచి నా మనవరాలి తెలుగు వస్తుంటే నేను బల్ల గట్టిగా పట్టుకున్నాను.

"ఇది మాను. ఇది పండు." ఇవి రెండూ వంకర లేకుండా వచ్చాయి. తర్వాతి దాని పక్కన నువ్వు బొమ్మ కూడా వేశావు. తలుపు, రెండు కిటికీలు, ముందర వాలుగా ఒక దారి. అది మీ ఇల్లో, మీ బడో నాకు తెలియలేదు, రెండూ అయ్యుంటుంది.

"ఇది ఇల్లు" అని చదివి చిన్నకణ్ణు ఆగిపోయాడు. ఇన్నింటిలో తనకు తెలిసిన మాట ఒకటి దొరికిందనుకున్నాడు పాపం. కాగితం మీద వేలు పెట్టి జాలిగా నా వైపు చూసి, "ఎన్న పెరియవరే, పాప్పా ఇల్లె ఇల్లెంగుదు? ఎన్న ఇల్లె?" అన్నాడు. పాప లేదు లేదంటోంది, ఏమి లేదంట అని.

నాకు అంగట్లో అందరి ముందరా ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి తల్లీ.

"లేదు కాదు నాయనా" అన్నాను, "ఉండాది. నా మనవరాలికి ఉండాది."

తాత